తుపాకుల ఆట కోసం ఆదిలాబాద్ దాకా

"ఏ ముసలవ్వా, నువ్వు ఆడుతలేవు. నీ మనుమరాలు ఆడుతుంది. నువ్వు పక్కకు కూసోని తిడుతున్నవ్, గంతే."

"నేను ఆడుతలేనని నువ్వు చూసినవారా? ఆదిలాబాద్‌ల కూసున్నోనికి కరీంనగర్‌ల నా చేతులు కనబడ్డయా?"

"చేతులెందుకు కనబడాలె? అరవయ్యారేండ్ల ముసలిది గంత జల్ది తుపాకి గోలీలు కొడుతదంటే నమ్మనికి నేనేమన్న పాగల్‌నా?"

"నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లురా ఇవి. నీ అసొంటోళ్లను పదిమందిని ఆకుల చుట్టి దారం కట్టి పారేస్త."

"అయితే మా ఇంటికి రా. నా ముంగట కూసోని ఆడు. నువ్వు గెలిస్తే నా ఛానల్‌లనే చెప్త, ఆడేది అవ్వనే అని. ఓడితే నీ ఛానల్‌ల నువ్వు చెప్పు, నేను ఉత్త తిట్టుడేనని."

"వస్త. అన్నం వండి పెట్టు."

ఇదంతా ఫోన్‌లో ఆట నడుస్తుండగా జరిగింది. నా మనుమరాలు మౌనిక రికార్డు చేసి ఛానల్‌లో పెట్టింది. తెల్లారేసరికి మా వాడకట్టు అంతా విన్నది. ఇక పోకుంటే తలకాయ ఎత్తుకుని తిరగలేను.

ఆట సంగతి తెలియని వాళ్లకు చెబుతాను. ఫోన్‌లో ఒక దీవి ఉంటుంది. మనుషులు గొడుగుల్లాంటివి కట్టుకుని పై నుంచి దిగుతారు. దిగినవాళ్లు తుపాకులు వెతుక్కుని ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు. ఇద్దరే ఆడుకోవడం కూడా ఉంది. ఇందులో వండేది లేదు, గిన్నెలు తోమేది లేదు, అందుకే నాకు నచ్చింది.

ఒకనాడు కుక్కర్ దించడానికి పోతూ మౌనిక ఫోన్ నా చేతిలో పెట్టింది. అది తిరిగి వచ్చేలోపు ఇద్దరిని చంపాను. నడుము నొప్పికి బీడీలు మానేశాక నా వేళ్లకు పని లేదు, వాటికి పని దొరికింది. ఆడేటప్పుడు నా నోరు ఊరుకోదు. ఆ తిట్లను మౌనిక వీడియోలు చేసి పెడుతుంది. జనం ఆటకంటే తిట్ల కోసమే వస్తారని అది అంటుంది. నేను ఒప్పుకోను. నలభై ఏళ్లలో నేను చుట్టిన కట్టను పనికిరాదని ఎవడూ పక్కన పెట్టలేదు. ఈ వయసులో దొంగ పేరు పడడం నాకు ఇష్టం లేదు.

ఆదిలాబాద్ పోరడి పేరు రాయకపోవడానికి కారణం ఉంది, అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను. అప్పటిదాకా పోరడనే రాస్తాను, అప్పటిదాకా పోరడనే అన్నాను కాబట్టి.

గురువారం పొద్దున అయిదున్నరకు కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సు ఎక్కాం. ఆదిలాబాద్‌కు జగిత్యాల, నిర్మల్ మీదుగా నేరుగా బస్సులున్నాయి, మీరు పోతే అట్లా పొండి. మౌనికకు రైలు కిటికీలోంచి గోదావరిని వీడియో తీయాలని ఉంది, అందుకే మేము చుట్టు తిరిగి పోయాం. బస్సులో ఆడవాళ్లకు ఉచితం. ఆధార్ కార్డు అసలుది దగ్గర ఉంచుకోండి. మా ముందు సీటామె జిరాక్సు చూపించి టికెట్టు కొనుక్కోవలసి వచ్చింది.

పెద్దపల్లిలో ఏడుంబావుకు రైలు. టికెట్ల పైసలు మౌనికతోనే పెట్టించాను, వీడియో దానిది కాబట్టి. మా కోడలు కట్టిచ్చిన సర్వపిండి విప్పాం. ఎదురు సీటులో శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. నేను మౌనికను రెండు మాటలు అనగానే చెవులు నిక్కించాడు.

"అవ్వా, నువ్వు గా తిట్ల అవ్వవు కాదు? గొంతు గుర్తుపట్టిన."

"అవును."

"ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. నిజంగ నువ్వే ఆడుతవా?"

"నువ్వు నిజంగ బాయిల దిగుతవా, లేకుంటే పైన చాయ తాగి వస్తవా?"

ఆయన నవ్వి సర్వపిండి ముక్క తీసుకున్నాడు. కానీ జవాబు నమ్మినట్టు లేడు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ అనుమానం ఒక్క పోరడిది కాదు, రైలు దాకా పాకింది.

గోదావరి వంతెన మీద అందరూ రూపాయి బిళ్లలు వేసి దండం పెట్టుకున్నారు. నేను ఉత్త దండం పెట్టాను. గంగమ్మకు నా సంగతి తెలుసు.

ఎనిమిదిన్నరకు మంచిర్యాలలో దిగి, ఒక చాయ ఇద్దరం పంచుకుని, తొమ్మిదింబావుకు ఆదిలాబాద్ బస్సు ఎక్కాం. లక్షెట్టిపేట దాటి జన్నారం దగ్గర అడవి మొదలవుతుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తక్కువ. ఉట్నూరులో ఒకామె సజ్జ సంచితో ఎక్కి నా పక్కన కూర్చున్నది.

"యాడికి అవ్వా?"

"ఆదిలాబాద్‌కు."

"ఏం పని మీద?"

"ఒక పోరడిని కాల్చే పని ఉన్నది."

ఆమె సంచి తీసుకుని వెనక సీటుకు పోయింది. అక్కడి నుంచి ఆదిలాబాద్ దాకా కాళ్లు చాపుకుని పోయాను.

రెండు గంటలకు దిగాం. పోరడు బస్టాండుకు వచ్చాడు. తిట్టేటప్పుడు ఏదో పహిల్వాన్ అనుకున్నాను, చూస్తే చీపురుపుల్లంత ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే ఉన్నది, నాకంటే పదిహేనేళ్లు చిన్నది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. మూడు రొట్టెలు తిన్నాను. శత్రువు ఇల్లు అని రొట్టె తగ్గించుకోవడం తెలివితక్కువ పని.

నేను చేయి కడుక్కుంటుంటే ఆమె అడిగింది, "మీ ఇంటిపేరేంది బాయి?"

బాయి అంటే అక్కడ అమ్మా అన్నట్టు. ఇంటిపేరు చెప్పాను. ఆమె చేతిలో చెంబు ఆగింది. "మాది గదే. మాది అసలు పెద్దపల్లి దిక్కు. మా మామ పత్తి పనికి ఇటు వచ్చి ఇక్కడనే ఉన్నడు."

ఊరు అడిగాను. మా అత్తగారి ఊరే. ఎవరి ఇల్లని అడిగాను. కడపటి ఇల్లు అన్నది. ఎనకట ఏడుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడి సంతానం మేము, కడపటివాడి సంతానం వాళ్లు. పెద్ద ఇంట్లో చిన్నప్పుడే పెళ్లిళ్లయి తరాలు ముందుకు ఉరికాయి. కడపటి ఇంట్లో అన్నీ ఆలస్యం. నాకు లెక్క అందక ఇంటికి ఫోన్ చేశాను. మా ముసలాయన ఎత్తాడు.

"కడపటి ఇంటోళ్లా? అయితే గాయన మా బాపుకు తమ్ముడైతడు. నాకు చిన్నాయన. నీకు చిన్నమామ. గాయనను నువ్వేమన్న అన్నవా?"

"ఏమనలే."

"ఊరంత ఇన్నది" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక నుంచి చిన్నమామ అని రాస్తాను. మామ పేరు కోడలు పలకకూడదు, రాయడం కూడా పలకడం లాంటిదే. మామ ముందు మంచం మీద కూర్చోకూడదు, గొంతు పెంచకూడదు, తలమీద కొంగు ఉండాలి. ఇవన్నీ నేను పాటించి వచ్చినదాన్ని. నా కోడలితో పాతికేళ్లుగా పాటింపజేస్తున్నదాన్ని. ఆ కోడలు రేపు ఈ వీడియో చూస్తుంది. మౌనిక కెమెరా పెట్టి మరీ నవ్వుతున్నది.

"బాపమ్మా, నీకు మామ అయితే నాకు ఏమైతడు?"

"ముత్తాతతోటి సమానం. కాళ్లు మొక్కు."

మొక్కింది. చిన్నమామగారు సిగ్గుపడి గోడకు అతుక్కున్నారు. వాళ్లమ్మ నాకు అత్తకే అత్త వరుస, కాబట్టి నేనూ వంగి ఆమె కాళ్లు మొక్కాను. మోకాళ్లు పట్టేసి లేవడానికి ఆమే చేయి ఇచ్చింది.

నాలుగు గంటలకు ఆట మొదలు. మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్లది పైచేయి. ఆయన మంచం మీద, నేను కింద చాప మీద, తలమీద కొంగుతో. రెండు ఫోన్లతో రెండు ఛానళ్లకూ రికార్డు చేస్తున్నారు. నా ఫోన్ మీద నా చేతులు కనబడేలా మౌనిక కెమెరా పెట్టింది.

మొదటి ఆటలో నా నోరు మూసుకుపోయింది. నోటితో పాటు వేళ్లు కూడా. బీడీలు చుట్టేటప్పుడు కూడా పదిమంది ఆడవాళ్లం మాట్లాడుకుంటూనే చుట్టేవాళ్లం, మాట ఆగితే చేయి ఆగేది. దీవి మీద నేను దొడ్డిదారి తెలియని కొత్తకోడల్లాగా తిరుగుతుంటే చిన్నమామగారు ఒక ఇంటి పైకప్పు మీద నుంచి కాల్చి చంపారు.

"చూసిన్రా ఫ్రెండ్స్" అన్నారు ఆయన కెమెరాతో, "నోరు లేదు, ఆట లేదు. గిది అసలు సంగతి."

వాళ్లమ్మ లేచి వచ్చి ఆయన చెవిలో ఏదో అన్నది. నాకు వినబడలేదు. మౌనిక నా పక్కన కూర్చుని గుసగుసలాడింది.

"బాపమ్మా, తిట్టు. లేకుంటే మన ఛానల్ బంద్."

"మామను ఎట్ల తిడుతనే?"

"గాయన నాకంటే నాలుగేండ్లు పెద్దోడు గంతే."

"వయసు కాదే, వరుస."

వాకిట్లో గుంజకు ఒక మేక కట్టేసి ఉంది. అది తాడు పొడుగున గడప దాకా వచ్చి నా కొంగు నమలడం మొదలుపెట్టింది. కొంగు లాక్కుంటుంటే నాకు మా కొత్తకాపురం గుర్తుకు వచ్చింది. అప్పట్లో మామతో ఏమన్నా చెప్పాలంటే కోడలు గోడకో బర్రెకో చెప్పేది. "బర్రే, అన్నం వడ్డించిన" అంటే మామ లేచి వచ్చి తినేవాడు. మా మామతో నేను ముప్పై ఏళ్లు అట్లాగే మాట్లాడాను. అందులో తప్పు లేదు, అది మర్యాదే.

మేకను దగ్గరికి కట్టమన్నాను. రెండో ఆట మొదలైంది.

"ఓసి మేకా, గోడ సాటుకు నక్కితే కనబడవనుకున్నవా? నీ తోక బయటనే ఉన్నదే. రా, నీ కొమ్ములిరగ."

మేక నన్ను చూసింది. నా వేళ్లు లేచాయి.

"గోలీలు ఒడిసినయానే మేకా? ఇంటింటికి పోయి అడుక్కో. నీ గడ్డం కాలిపోను, గా మెట్ల మీద ఏం పని నీకు? దిగు. దిగినవా? ఆఁ, పండుకో ఇగ."

చిన్నమామగారు చచ్చిపోయారు. మూడో ఆట కాస్త సేపు పట్టింది. ఒక దశలో నాకు ప్రాణం పిసరంత మిగిలింది, మేకకు మాత్రం ఏడు తరాల తిట్లు అందాయి. వాళ్లమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతున్నది. చివరికి బావి పక్కన ఆయనను పడగొట్టాను. తలమీద కొంగు మాత్రం జారలేదు.

ఆయన మాట తప్పలేదు. అక్కడే కెమెరాకు చెప్పారు, "అవ్వనే ఆడుతది. నేను చూసిన. నా తప్పే." ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాం. లాడ్జి పైసలు మిగిలాయి.

పొద్దున ఆరింటికి మౌనిక ఫోన్ పట్టుకుని వచ్చింది. మొహం వేలాడుతున్నది. వీడియో కింద జనం రాసినవి చదివింది. "కోడలని మామ ఇడిసిపెట్టిండు." "వాళ్లమ్మ చెవుల చెప్పింది, సూడుండ్రి, గప్పటిసంది ఓడుడు షురూ." "ఇంటికి వచ్చిన ముసలామెను ఓడగొడుతడా ఎవడన్న?"

నాకు కాలిపోయింది. ముందు ఆడటం లేదన్నారు, ఇప్పుడు ఆడింది నిజమే కానీ గెలిచింది అబద్ధమంటున్నారు. పైగా నాకే అనుమానం వచ్చింది. మామను సూటిగా అడగలేను. పొయ్యి దగ్గర అత్తను, అంటే వాళ్లమ్మను, అడిగాను.

"అత్తా, నిన్న చెవిల ఏం చెప్పినవ్?"

"కోడలు, జర సూసి ఆడు అన్న. ఇన్నడో ఇనలేదో నాకేం ఎరుక బాయి?"

ఏడింటి బస్సుకు చిన్నమామగారే మా సంచి మోశారు. వాళ్లమ్మ నాలుగు రొట్టెలు కట్టిచ్చింది. ఆయన సంచి పైన పెట్టి, నేల చూస్తూ, "పోయి రాండ్రి" అని దిగిపోయారు. నేను కిటికీ ఊచకు చెప్పాను, "మా ఊరికి ఒకపారి రావాలె" అని.

గుడిహత్నూర్ దాటాక నా ఫోన్ మోగింది. చిన్నమామగారు ఆటకు పిలుస్తున్నారు. మైకు మూసేసి ఆడాను. బస్సులో కడ్డీనీ, ముందు సీటునూ, పోయే లారీలనూ నోరారా తిట్టాను. రెండు నిమిషాల్లో చంపారు. మళ్లీ పిలిచారు. ఈసారి గోడ వెనక నుంచి వచ్చి, కనికరం అన్నది లేకుండా చంపారు.

"బాపమ్మా, రెండుపార్లు సచ్చినవ్" అన్నది మౌనిక. "నవ్వుతున్నవేంది?"

"కోడలని ఇడిసిపెట్టేటాయన అయితే పొద్దుగాల్నే రెండుపార్లు సంపుతడానే? గాయనకు కోడలు లేదు, గీడలు లేదు. ఆట అంటే ఆటనే. నిన్న గెలిచింది నేనే."

"గిది నేను రికార్డు చెయ్యలే బాపమ్మా. జనానికి ఎట్ల చెప్పాలె?"

"జనానికి ఎందుకే? నాకు తెలిసింది సాలు."

ఆదిలాబాద్ మంచి ఊరు. రొట్టె మెత్తగా ఉంటుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, మనుషులు మాట మీద ఉంటారు. రెండు పూటల తిండికీ, పడకకూ మాకు ఒక్క పైసా కాలేదు. ఉట్నూరు వచ్చేలోపు చిన్నమామగారు నన్ను ఇంకోసారి చంపారు.