అమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలు

మంచివాళ్ళకి కష్టాలెందుకొస్తాయన్న ప్రశ్న వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, పక్కనుండి టక్కున జవాబు చెప్పేవాళ్ళ మీద. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో, మా ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఆ జవాబులన్నీ విన్నాను. వచ్చినవాళ్ళకి కాఫీలందిస్తూ విన్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. నూజివీడు కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చాను.

మాది నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఒక ఊరు. ఎటు చూసినా మామిడి తోటలే. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు, మా చర్చిలో సంఘపెద్ద. ఆయన మంచితనం గురించి చెప్పమంటే పెద్ద సంగతులేమీ లేవు. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా సైకిలెక్కించుకుని నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. తోటల్లో కాయ కోసేవాళ్ళ పిల్లల్ని సాయంత్రాలు మా అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాడు. వాళ్ళెవరూ మా చర్చికి వచ్చేవాళ్ళు కారు, రమ్మని ఆయన అడగనూ లేదు. కిరసనాయిలుకి పంపితే దారిలో ఎవరికో సాయంపట్టి, ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేవాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారండీ," అని అమ్మ దెప్పేది.

"నీతో గెలవడం నా వల్ల అయ్యే పనేనా? అందుకే ముందు రచ్చకెళ్ళాను," అనేవాడు నాన్న. అమ్మ కోపం అక్కడితో చప్పున చల్లారిపోయేది.

వేరే ఊళ్ళలో కోత పండుగంటే వరి కోతలయ్యాక చేస్తారు. మా చర్చిలో మామిడి కోతకి చేసేవాళ్ళం. ఎవరి చెట్టు నుంచి వాళ్ళు తొలికాపు తెచ్చి ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల ముందు పెట్టాలి. దానికొక పట్టింపు ఉండేది. నేలన పడ్డ కాయ బల్ల ముందుకి రాకూడదు. గాలికి రాలిందీ, కొమ్మ దులిపితే పడిందీ మనం తినొచ్చు గానీ దేవుడికి పెట్టకూడదు. చిక్కం కట్టిన గెడతో కొయ్యాలి, లేదా చేత్తో కొయ్యాలి. ఈ నియమం ఎవరు పెట్టారో, ఏ వాక్యంలో ఉందో నన్నడక్కండి. మా తాతల నాటి నుంచీ ఉంది, అంతే.

చర్చి ఆవరణలో చిన్నరసం చెట్టొకటి ఉండేది. ఆ ఏడు దాని చిటారుకొమ్మన ఒక గుత్తి నిండుగా దిగింది. పండుగకి ముందు గురువారం సాయంత్రం నాన్నా, పాస్టరుగారూ కాయ కోస్తున్నారు. ఆ గుత్తికి గెడ అందలేదు. "మాస్టారూ, అది బల్ల ముందు పెడితే ఎంత బాగుంటుందండీ," అన్నారు పాస్టరుగారు కిందనుంచి. నాన్న పంచె ఎగ్గట్టి ఎక్కేశాడు. గుత్తి కోసి చొక్కాలో వేసుకుని దిగుతుంటే కాలి కింద కొమ్మ ఫెళ్ళుమంది. చెట్టు చుట్టూ పేర్చిన రాళ్ళ గట్టు మీద ఎడం పక్కకి పడ్డాడు. పడుతూ కూడా చొక్కాని రెండు చేతులా ఒడిసి పట్టుకునే ఉన్నాడు. అందరూ పరుగెత్తుకొచ్చేసరికి లేచి కూర్చుని, "కాయ నేలకి తగల్లేదండోయ్!" అని నవ్వాడు.

మోచెయ్యి కాస్త దోక్కుపోయింది. అంతకుమించి ఏమీ కనపడలేదు. ఊరంతా ఆశ్చర్యపోయింది.

మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలకి సమయం ఇస్తారు. ఆ వారంలో దేవుడు తమకి చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పాలి. అమ్మ ఎప్పుడూ లేచేది కాదు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆవిడకి చెమటలు పట్టేవి. ఆ ఆదివారం మాత్రం ఎవరూ అడక్కుండానే లేచి, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"అంతెత్తు నించి పడ్డాడండి ఆయన. దేవుడే చెయ్యి అడ్డం పెట్టాడు. నా ఇల్లు నిలబెట్టాడు. దేవుడికి స్తోత్రం. మంగళవారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నాం. అందరూ భోజనాలకి రావాలండి," అంది ఒక్క గుక్కలో. చర్చంతా స్తోత్రం అంది. కాయలు ఎదురుగా బల్ల ముందున్నాయి. నాన్న మగవాళ్ళ వైపు చాప మీద కూర్చుని సిగ్గుతో తల దించుకున్నాడు.

మంగళవారం ఇంటి ముందు పందిరి వేశాం. ఎండలో వచ్చినవాళ్ళందరికీ అన్నాలు పెట్టాం. నాన్నే వడ్డించాడు. ఎడం భుజం లాగుతోందని మధ్యమధ్య ఆగుతుంటే, పడ్డప్పుడు బెణికి ఉంటుందని అమ్మ నొప్పులమందు రాసింది. ఆయన పెద్దగా తినలేదు. ఎండకి అలిసిపోయాడనుకున్నాం.

మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. కాయ లోడుకొచ్చిన వ్యానొకటి ఆపి ఎక్కించాం. నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. "దాహంగా ఉందే," అన్నాడు. అదే ఆఖరి మాట. నూజివీడు చేరకముందే పోయాడు. పడ్డ దెబ్బకి లోపల ఎక్కడో చిట్లి, అన్నాళ్ళూ కొంచెం కొంచెంగా రక్తం కారిందని ఆసుపత్రిలో చెప్పారు.

ఇంటికి తెచ్చేసరికి పందిరి ఇంకా విప్పలేదు. ముందురోజు భోజనాల బంతులు కూర్చున్నచోటే ఆయన్ని పడుకోబెట్టాం. తోటల్లో కోత ఆపేసి కూలీలంతా వచ్చారు. మా అరుగు మీద దిద్దుకున్న పిల్లలు వాళ్ళమ్మల కొంగులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. పండుగయ్యాక చర్చి వేలంలో ఎవరో పాడుకున్న ఆ గుత్తి కాయలు అప్పటికి వాళ్ళింట్లో గడ్డిలో మాగుతున్నాయి. నాకు అదే పట్టుకుంది. దేవుడి పని మీద దేవుడి చెట్టెక్కినవాణ్ణి దేవుడు పట్టుకోలేకపోయాడా? కాయని కాపాడి మనిషిని వదిలేస్తాడా? పక్కనున్నవాళ్ళు నా నోరు మూసేదాకా ఆ మాటలే పైకి అరిచానట. నాకు గుర్తులేదు.

శుక్రవారం అదే పందిరి కింద ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ ఇంటికి సంఘమంతా వచ్చి ప్రార్థన చేసి, ఓదార్పు మాటలు చెప్పే కూడిక అది. మంచి ఆచారమే. కానీ మనుషులకి ఊరికే కూర్చోవడం రాదు.

"మంచి పండునే దేవుడు ముందు కోసుకుంటాడమ్మా," అన్నాడొక పెద్దాయన. మామిడి దేశంలో పుట్టినవాడు అనాల్సిన మాటేనా అది? టెంక ముదరని కాయ మా ఊళ్ళో చంటిపిల్లాడు కూడా కొయ్యడు. నాన్నకి నలభై దాటి ఎంతో కాలేదు. ఇంకొకాయన, ఇది దేవుడు పెట్టిన పరీక్ష, నెగ్గాలన్నాడు. పరీక్ష మాకైతే, చావు మా నాన్నకా? బాపులపాడు నుంచి వచ్చిన మా బాబాయి, ఇంకేదో పెద్ద గండం తప్పించడానికే ఇలా జరిగిందన్నాడు.

"ఇంతకన్నా పెద్ద గండం ఏంటి బాబాయ్?" అని అడిగేశాను. అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. అంత దుఃఖంలోనూ ఆవిడకి నా నోటి భయమే.

అసలు దెబ్బ వంటింట్లో తగిలింది. స్త్రీల సమాజానికి పెద్దగా ఉండే ఒకావిడని ఊరందరం పెద్దమ్మ అనేవాళ్ళం. గిన్నెలు సర్దుతూ అమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"ఏమనుకోకే తల్లీ. నలుగురిలో లేచి అంత ఇదిగా చెప్పకూడదే. దిష్టని మనం అనకూడదనుకో. గానీ, నా ఇల్లు నిలబడిందీ అని మన నోటితో మనమే అన్నామనుకో, అది గర్వం కిందికి రాదూ? దేవుడు వింటాడే."

అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం అన్నం ముందు ప్రార్థన చెయ్యమంటే తల అడ్డంగా ఊపింది. "నా నోరేనే," అంది నాతో. "నేను నోరు మూసుకుని కూర్చునుంటే ఆయన ఉండేవాడేమో."

నాన్న పోయినందుకు ఏడ్చాను గానీ, ఈ మాటకి నిజంగా భయమేసింది. నాన్న ఎలాగూ రాడు. మొగుణ్ణి తానే చంపుకున్నానని నమ్మితే, అమ్మ కూడా నాకు మిగలదు. నాకున్నది అమ్మొక్కతే. ఆ పెద్దమ్మ జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్వాలనిపించింది. నిజంగానే అనిపించింది, దాయడం ఎందుకు?

శనివారం పొద్దున పాస్టరుగారింటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. "మీరొచ్చి చెప్పండి. చెప్పకపోతే మేం రేపు చర్చికి రాం, ఎప్పటికీ రాం," అన్నాను. ఆయన చొక్కా వేసుకుని నా వెనకాలే వచ్చారు.

అమ్మ వందనాలండి అని కూడా అనలేదు. సూటిగా అడిగింది.

"నేను సాక్ష్యం చెప్పినందుకేనా అయ్యగారూ?"

పాస్టరుగారు మంచి ప్రసంగీకులు. చావుకీ బతుకుకీ ఆయన దగ్గర వాక్యం సిద్ధంగా ఉండేది. ఆ రోజు చంకలోని బైబిలు తెరవలేదు. అమ్మకి ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"ఎందుకో నాకు తెలీదమ్మా," అన్నారు. "తెలుసంటే అది అబద్ధం. ఆ గుత్తి బాగుందన్నది నేను. నేనా మాట అనకపోతే ఆయన ఎక్కేవాడు కాదు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. మీరు మీ నోరంటున్నారు, నేను నా నోరనుకుంటున్నాను. మనిద్దరం దేవుణ్ణి ఎలాంటివాణ్ణి చేస్తున్నామో చూశారా? భార్య స్తోత్రం చెప్పిందని భర్తని తీసుకుపోయే దేవుడైతే, రేపు చర్చి గంట నేను కొట్టనమ్మా."

ఆయన చొక్కా చేతితో కళ్ళొత్తుకున్నారు. అమ్మ ఆయన వంక చూసింది. పరాయి మనిషి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు ఆవిడ.

"మిమ్మల్నెవరు ఏమన్నారు అయ్యగారూ? ఆ గుత్తిని ఆయన పిందెప్పట్నుంచీ చూసుకుంటున్నాడు. మీరు అనకపోయినా ఎక్కేవాడే," అంది. తర్వాత నాతో, "చూస్తూ నిలబడ్డావేం? అయ్యగారికి కాఫీ పెట్టు," అంది. ఆ మూడు రోజుల్లో అమ్మ నాకు చెప్పిన మొదటి పని అది.

ఆదివారం తనే ముందు బయల్దేరింది. చర్చిలో ఆడవాళ్ళ వైపు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరూ లేవలేదు. మా ముందు ఏం చెప్పుకుంటారు? పెద్దమ్మే వెనక్కి తిరిగి, "ఒక్క మాట చెప్పమ్మా. అంతా దేవుడి చిత్తం, స్తోత్రం అని కూర్చో, చాలు," అంది.

అమ్మ లేచింది. నా భుజం పట్టుకుని లేచింది.

"పోయిన ఆదివారం ఇక్కడే నిలబడి స్తోత్రం చెప్పానండి. దాన్ని నేను వెనక్కి తీసుకోను. పడ్డాక కూడా ఆయన అయిదు రోజులు నా కళ్ళ ముందు తిరిగాడు. మీ అందరికీ తన చేత్తో వడ్డించాడు. అది మేలే. స్తోత్రం చెప్పినందుకు దేవుడు ఆయన్ని తీసుకెళ్ళాడంటే మాత్రం నేనొప్పుకోను. ఎవరు చెప్పినా ఒప్పుకోను."

పెద్దమ్మ తల వంచేసింది.

"మరెందుకు తీసుకెళ్ళాడంటే నాకు తెలీదు. సిలువ మీద ప్రభువు కూడా ఎందుకనే అడిగాడు. కన్నతండ్రి ఆ పూట పలకలేదు. కొడుక్కే చెప్పని జవాబు మీరంతా నాకు చెప్పేస్తున్నారు. వద్దండి. నేను దేవుణ్ణే అడుగుతాను. ఇక్కడే, ఆయన ముందే కూర్చుని అడుగుతాను. అడిగానని నన్ను అవిశ్వాసి అనకండి. కానీ ఈ పూట నాకు పాట రాదు. గొంతు లేవట్లేదు. నా బదులు మీరు పాడండి. నేను వింటాను."

కూర్చుంది. పాస్టరుగారు ప్రసంగానికి లేవలేదు. బల్ల పక్కన నేల మీదే చతికిలబడ్డారు. మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు కదిలింది పెద్దమ్మే. బొంగురు గొంతుతో, ఏడుస్తూ, శ్రుతీ తాళం లేకుండా పాటెత్తుకుంది. ఆవిడ మీద నా కోపం పోలేదు. కానీ ఆ పాట ఒంటరిగా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. పళ్ళు బిగించి నేనూ అందుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే కలిశారు. దేవుడి మీద అంత కోపంతో నేనెప్పుడూ పాడలేదు, అంత గట్టిగానూ పాడలేదు.

అమ్మ పెదవి కదపలేదు. కళ్ళు మూసుకుని వింటోంది. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి ఏడుపులతో గొంతులు తెగిపోయాయి. పాట ఎటూ కాకుండా ఆగిపోయింది.

అమ్మ కళ్ళు తెరిచింది.

"ఇంకో చరణం ఉంది కదండీ," అంది. "ఆపేశారేం?"