పిన్ని కోటా

పళ్ళ సెట్లు చేయడం ఆమె వృత్తి. డాక్టరు ముందు గదిలో కూర్చుని పేరు తెచ్చుకుంటాడు. ఆమె వెనక గదిలో అచ్చులు పోసి, మైనం గీకి, ఊళ్ళో సగం మంది నవ్వుల్ని తయారుచేస్తుంది. ఆ నవ్వులు వీధిలో ఎదురైతే ఆమెను గుర్తుపట్టవు. ఆమె మాత్రం వాటిని ఇట్టే గుర్తుపడుతుంది. ఎవరు పలకరించినా ముందు నోటి వంకే చూస్తుంది, మొహం సంగతి తర్వాత. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు ఈ విషయం పదిమందికీ చెప్పి నవ్విస్తుంటాడు. "మా ఆవిడకి మొదట నచ్చింది నా పళ్ళండీ. నేను వాటితో పాటు వచ్చాను, అంతే!"

సాయంత్రాలు ఆమె బేస్ ట్రాంబోన్ వాయిస్తుంది. బరువులో పసిపిల్లాడంత, పొడుగులో ఆమెకు దీటుగా ఉండే, గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి బూర అది. వారానికోసారి ఒక స్కూలు హాల్లో పద్దెనిమిది మంది చేరి జాజ్ వాయించుకుంటారు. బిగ్ బ్యాండ్ అని గొప్పగా చెప్పుకుంటారు కానీ, అందులో బేకరీ అతను, బస్సు డ్రైవరు, లెక్కల టీచరు, ఇలా తలా ఒక పని చేసుకుని బతికేవాళ్ళే. ట్రాంబోన్ల వరసలో చివరి కుర్చీ ఈమెది. అందరికంటే కింది స్వరాలు ఈమెవి. పైన ట్రంపెట్లు వీరవిహారం చేస్తుంటే ఈమె కింద "బొం... బొం..." అనుకుంటూ ఉండాలి. కచేరీ అయ్యాక ఎవరూ వచ్చి, ఆహా, మీ బొంబొం ఎంత బాగుందండీ అన్న పాపాన పోలేదు.

బ్యాండు నడిపేది ఆమె అక్క కొడుకు. వాడు "పిన్నీ" అంటాడు కాబట్టి బ్యాండంతా పిన్నీ అనే పిలుస్తుంది, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన డ్రమ్మరుతో సహా. ఆ పిలుపంటే ఆమెకు ఇష్టమే. చిక్కంతా విదేశంలో జరిగే జాజ్ ఉత్సవానికి రమ్మని పిలుపొచ్చిన రోజున మొదలైంది. ఇంతమందిని తీసుకెళ్ళగలమా, ఒకరిద్దరిని తగ్గిద్దామా అని మాట వచ్చింది. మొదటి ట్రంపెటు వాయించే అతనికి ఊపిరీ ఎక్కువే, పొగరూ ఎక్కువే. టీ చప్పరిస్తూ, "పిన్నిని తగ్గించడానికి లేదు లెండి. ఆవిడది పిన్ని కోటా" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. పక్క గదిలో కప్పు కడుగుతున్న ఆమె కూడా నవ్వింది. కానీ ఆ మాట పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.

"నిజం చెప్పు. నేను వాయిస్తాననా, వాడి పిన్నిననా, నన్ను తీసుకెళ్ళేది?" అని ఆ రాత్రి మొగుణ్ణి నిలదీసింది.

"నాకేం తెలుసు? లిఫ్టు చప్పుడుకీ నీ చప్పుడుకీ తేడా తెలిసిందే మొన్నీమధ్య" అన్నాడతను. ఆమె నవ్వకపోయేసరికి తగ్గాడు. "వెళ్ళిరా. వాళ్ళకి నీ అవసరం లేదనిపిస్తే, వచ్చాక మానేద్దువుగాని."

ఆమె అలాగే నిర్ణయించుకుంది. కూరలో కరివేపాకుగా ఉండటానికైతే ఇదే ఆఖరి ప్రయాణం. వచ్చాక ట్రాంబోన్ ఎవరికైనా ఇచ్చేస్తుంది. ఈ సంగతి బ్యాండులో ఎవరికీ చెప్పలేదు.

తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్న సామెత పుట్టించినవాడు తప్పకుండా ఏదో బ్యాండుతో ప్రయాణం చేసి ఉంటాడు. విమానాశ్రయంలో డోళ్ళు ఒక దారి పట్టాయి, బూరలు ఇంకో దారి పట్టాయి. ఎలాగో అన్నీ ఒకచోటికి చేరాక ఉత్సవం జరిగే ఊరికి బస్సెక్కారు. కింద సామాన్ల అరలో డబుల్ బేస్ పట్టలేదు. ఆరడుగుల ఆ ఫిడేలును నల్ల తొడుగుతోనే మోసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టారు. గిటారు అతను ఊరుకోలేక దాని నెత్తిన తన టోపీ కూడా పెట్టాడు. దూరం నుంచి చూస్తే కునికిపాట్లు పడుతున్న పెద్దమనిషిలాగే ఉంది.

బస్సులో వాద్యాలు తీయడానికి చోటు లేదు. అందుకని దారి పొడుగునా నోటితోనే సాధన. ఎవరి స్వరాలు వాళ్ళు పాడాలి. శాక్సఫోన్ల వాళ్ళు "దూవా దూవా", ట్రంపెట్ల వాళ్ళు "పాపా పా", చివర్న పిన్ని "బొం". బస్సు నడిపేవాడు అద్దంలోంచి వీళ్ళను చూసి దణ్ణం పెట్టేలా ఉన్నాడు.

దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగారు. ఆమె చేతులు కడుక్కుని దుకాణంలోంచి బయటికి వస్తుండగా, బల్ల దగ్గర ఒక ముసలాయన ఆపిల్ కొరుకుతూ కనిపించాడు. కట్టుడు పళ్ళు! పై సెట్టు కాస్తయినా కదలడం లేదు. ఎలా పట్టించారో! ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయన నమిలేదాకా చూసింది, మింగేదాకా చూసింది, ఇంకోసారి కొరికితే బాగుండునని ఎదురుచూసింది. ఆయన సిగ్గుపడి సగం ఆపిల్ ఇవ్వబోయాడు.

ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాకే బస్సు కదలాలని వాళ్ళ నియమం. ఈసారి ఆ పని డ్రమ్మరు మీద పడింది. డ్రమ్మరుకు నాలుగు దాటితే మళ్ళీ ఒకటే. ఒకటీ రెండూ మూడూ నాలుగూ అంటూ సీట్ల మీద వేళ్ళతో దరువేసుకుంటూ పోయాడు. నాలుగు నాలుగులు, పైన రెండు. సరిగ్గా సరిపోయింది. "అందరూ ఉన్నారు, పోనీయ్!" అన్నాడు. వెనక సీట్లో టోపీ పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి కాదనలేదు.

ఆమె బయటికొచ్చేసరికి బస్సు లేదు. ఫోను, సంచీ, అన్నీ బస్సులోనే. భాష రాదు. దుకాణం నడిపే ఆవిడకు ట్రాంబోన్ సంగతి చెబుదామని నోటి దగ్గర పిడికిలి పెట్టి, రెండో చేతిని ముందుకీ వెనక్కీ జాపి చూపించింది. ఆవిడ ఓహో అని తలూపి, లోపలికెళ్ళి టైర్లకు గాలికొట్టే పంపు తెచ్చిచ్చింది. కాదు కాదని ఆమె తన పాట పాడి వినిపించింది. "బొం... బొం... బొం." దుకాణం ఆవిడ ఇంకా ఏమైనా వస్తుందేమోనని మర్యాదగా ఎదురుచూసింది. ఇంకేమీ రాలేదు. ఒక్కదాన్నే పాడితే అది పాటే కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇద్దరూ పడిపడి నవ్వారు.

నవ్వు ఆగాక ఏడుపొచ్చింది. లెక్కపెట్టి కూడా తను లేనట్టు తెలియలేదంటే ఏమనుకోవాలి? మొదటి ట్రంపెటు అతను దిగిపోయి ఉంటే బస్సు గేటైనా దాటేదా? ఇంకేం తేలాలి, ఇంటికెళ్ళి మానేస్తున్నానని మొగుడికి చెప్పెయ్యడమే. దుకాణం ఆవిడ ఏమీ అడగకుండా కుర్చీ వేసి, వేడిగా కాఫీ ఇచ్చింది.

కాఫీ సగం తాగిందో లేదో, బస్సు రయ్యిమంటూ తిరిగొచ్చింది. తలుపు పూర్తిగా తెరుచుకోకముందే అక్క కొడుకు దూకేశాడు.

"పిన్నీ! చచ్చినంత పనైంది. నీకేమైనా అయితే మా అమ్మ నన్ను బతకనిస్తుందా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "లెక్క తప్పిందని ఎప్పుడు తెలిసిందిరా?"

"లెక్క తప్పలేదు పిన్నీ. లెక్క సరిగ్గానే వచ్చింది. పాటే తప్పింది."

ఆమెకు అర్థం కాలేదు. వాడి వెనకే మొదటి ట్రంపెటు అతను దిగాడు. మనిషి మొహంలో ఆ పొగరు ఏమైందో, చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"బస్సు కదలగానే పాట మొదలెట్టామండీ. నేను పై స్వరం అందుకోబోతే గొంతు జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. ఏమిట్రా ఇది అని వింటే, కింద ఎవరూ లేరు. మెట్టు లేదు పిన్నీ, నేను దేని మీద నిలబడాలి? బస్సు ఆపమని అరిచింది నేనే."

"అవును పిన్నీ, ఆయనే. డ్రమ్మరేమో అందరూ ఉన్నారని ఒట్టేస్తాడు, ఈయనేమో పిన్ని లేదని గొడవ. కొట్టుకున్నంత పనిచేశారు" అన్నాడు అక్క కొడుకు.

"అయితే నాది కోటా కాదన్నమాట" అంది ఆమె, అతని నోటి వంకే చూస్తూ.

అతను తల దించుకున్నాడు. "ఆ మాట మీరు విన్నారా?"

"విన్నాను. కింది పళ్ళు రెండు అరిగాయి నీకు. ఊరెళ్ళాక ఓసారి కనిపించు."

మర్నాడు ఉత్సవంలో వేదిక ఎక్కారు. ఎదురుగా పచ్చికలో, కుర్చీల్లో, గోడల మీద జనమే జనం. రెండో పాట సగంలో అక్క కొడుకు ఆమె వైపు అరచెయ్యి కిందికి ఊపుతూ, కాస్త మెల్లగా అని సైగ చేశాడు. మునుపైతే ఊపిరి సగం మింగేసి ఉండేది. ఈలోగా వెనక వరసలోంచి మొదటి ట్రంపెటు అతని గుసగుస వినిపించింది.

"తగ్గకండి పిన్నీ, నేను పైకెళ్ళాలి."

ఆమె తగ్గలేదు. అక్క కొడుకు ఒక్క క్షణం చూసి, నవ్వుకుని, చెయ్యి దించేశాడు.