కంప్యూటరుకు దిష్టిచుక్క

హోసూరు బాగలూరు రోడ్డులో, ఒక బేకరీ మిద్దె మీద, శశికళ నడిపే బ్రౌజింగ్ సెంటరులో ఐదు కంప్యూటర్లుండేవి. వాటిలో కిటికీ పక్కదానికి మాత్రం దిష్టిచుక్క ఉండేది. పెట్టేది ముత్యాలప్ప. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వచ్చి, చొక్కా జేబులోంచి నల్ల బొట్టుబిళ్ల తీసి, తెర పైమూలన అంటించి, చేతులు పంచెకు తుడుచుకుని, అప్పుడు ఆట మొదలుపెట్టేవాడు. శశికళ రోజూ సెంటరు మూసేముందు దాన్ని గోటితో గీకేది.

ఆ మూలన కనబడేది ఆటలోని గొర్రెల లెక్క.

కాలినడకన ఊళ్లు తిరిగినవాళ్లకు ఈ సంగతి తెలుసు. మందను తోలుకుపోయే మనిషిని దారి అడగండి, నీళ్లెక్కడున్నాయో అడగండి, వాళ్ల మేనమామ రెండో పెళ్లి ఎందుకు చేసుకున్నాడో అడగండి, నిలబడి చెబుతాడు. ఎన్ని గొర్రెలని అడిగితే మాత్రం "ఉండాయిలేప్పా కొన్ని" అని కర్ర మార్చుకుంటాడు. లెక్క నోట పలికితే మంద తరిగిపోతుందని భయం. ముత్యాలప్పది వేప్పనపల్లి పక్క, తాతల నాటి గొర్రెల ఇల్లు. అలాంటి మనిషి ముందు ఈ కంప్యూటరు సిగ్గూ ఎగ్గూ లేకుండా అంకె వేసి చూపిస్తే ఊరుకుంటాడా?

అసలు మంద ఇప్పుడు లేదు. రెండేళ్ల కిందట, 2003లో, మూతులు వాచే జబ్బొకటి వచ్చి నెల తిరక్కుండా ఊడ్చుకుపోయింది. భార్య మారెమ్మను వెంటబెట్టుకుని హోసూరు వచ్చి, ఒక ఫ్యాక్టరీలో పచ్చిక కోసే పనికి కుదిరాడు. తినే నోరు లేని గడ్డిని పొద్దంతా కోసి లారీకెత్తడం ఉద్యోగం. రేషన్ కార్డులో అడ్రసు మార్పించే అర్జీ టైపు చేయించుకోవడానికి శశికళ దగ్గరికొచ్చి, ఖాళీ కంప్యూటరులో ఒక బొమ్మగొర్రెను చూసి, అర్జీ మాట మరిచిపోయాడు. ఏదో పత్రికతో ఊరికే వచ్చిన సీడీలోని ఆట అది. ఒక వాగు, ఒక దొడ్డి, నాలుగు గొర్రెలు.

"గెలిచేది యాడమ్మా?"

"గెలిచేదేమీ లేదన్నా. మేపుకుంటా ఉండడమే."

"ఓడిపోయేది?"

"అదీ లేదు."

ముత్యాలప్ప కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ రోజుతో సెంటరుకు నెమ్మది పోయింది. ఆటలో గొర్రెల్ని పిలవాలంటే గంట బొమ్మ నొక్కాలి. ఆయన నొక్కడు. "బుర్ర్ర్ర్... త్రూ త్రూ త్రూ!" అని నోటితోనే పిలుస్తాడు. పక్కన బయోడేటా కొట్టుకుంటున్నవాళ్లు ఉలిక్కిపడి పుట్టిన తేదీలు తప్పు కొట్టేవారు.

"అన్నా, దానికి వినబడదు. గంట నొక్కు."

"మరి చెవులెందుకు పెట్టినారు?"

"బొమ్మన్నా అది!"

"బొమ్మకి ఆకలైతాదంట, వినను మాత్రం కాదంట!"

రెండో పీడ ఒకే ప్రశ్న. "ఈడ గొర్రెలు చస్తాయామ్మా?" చావవని శశికళ చెప్పేది. వానలో తడిస్తే? చావవు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఆఖరికి ఒకరోజు తనే పరీక్ష పెట్టాడు. గడ్డి వేయకుండా, బొమ్మవానలో మందను బయట వదిలేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఒక్కో గొర్రె తల మీద ఒక్కో చిన్న మబ్బు వచ్చింది.

"అలిగినాయి" అన్నాడు గొంతు తగ్గించి. "ఉత్తగా అలిగినాయంతే." ఆ సాయంత్రమంతా ఒక్కోదాన్నీ విడిగా బతిమాలుకున్నాడు.

బొట్టుబిళ్లల జిగురు తెరమీద పేరుకుపోయిన రోజున శశికళకు ఓపిక పోయింది. "చావే లేనికాడ దిష్టెందుకన్నా? రేపట్నుంచి బొట్టు పెడితే ఆట లేదు."

ముత్యాలప్ప తల వంచుకున్నాడు. "నాకోసరం కాదమ్మా. నాకు అంకెలే రావు."

అంకెలు వచ్చింది మారెమ్మకు. పెద్దల బడిలో నేర్చుకుంది. పశువుల మందుల ఆఫీసరు గొర్రెల లెక్క రాసుకోవడానికి వస్తే, మొగుడు వద్దంటున్నా వినకుండా, ముచ్చటపడి గట్టిగా లెక్కపెట్టి చెప్పింది. ఆ నెలలోనే జబ్బు తగిలింది.

"తానే చంపినానని కూచుండాదమ్మా. మాట లేదు. కుక్కరు విజిళ్లు గూడా ఎంచదు. రెండేండ్లుగా మా ఇంట్లో అన్నం జావే. ఈడికి పిల్చుకొచ్చి చూపిద్దామని ఉండాది నాకు. ఆ పొద్దుకి మందలో ఒకటి గూడా తగ్గి ఉండగూడదు. అందుకే ఈ చుక్క. బిళ్లలు గూడా ఆమెవే."

శశికళ తెరవైపు వంగింది. గోటితో ఆ చుక్క గీకింది. "ఇన్నాళ్లూ దీని కింద అది లెక్కపెడతానే ఉండాదన్నా. పొద్దంతా. ఒకటన్నా పోయిందా?"

ఊడిన బిళ్లను ఆయన తీసి జేబులో వేసుకున్నాడు.

ఆదివారం మారెమ్మ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెరవైపు చూడకుండా కూర్చుంది. చాలాసేపటికి గొర్రెలు మేసే చప్పుడుకు తల తిప్పింది. మూలన, నాలుగు నుంచి పెరుగుతూ వచ్చిన మంద అంకె చూసింది. పదిహేడు. చూపుడువేలు దానంతట అదే లేచింది. పెదవులు కదిలాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు... వేలు ఆగిపోయింది.

"ఒకటి తక్కువుండాది" అంది. ముఖం నల్లబడింది.

"లేదే! నల్లది, సిగ్గు దానికి, గడ్డివామి ఎనకాల..." ముత్యాలప్ప చేతిలో మౌసు జారిపోయింది.

మారెమ్మ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది. రెండేళ్లుగా వాడని గొంతు, తుప్పుపట్టిన గడియలా కిర్రుమంది. "బుర్ర్ర్ర్... త్రూ! త్రూ త్రూ!"

శశికళ ముత్యాలప్ప భుజం వెనకనుంచి చెయ్యి చాచి చప్పుడు కాకుండా గంట నొక్కింది.

వామి వెనకనుంచి నల్లగొర్రె తల ఊపుకుంటూ వచ్చింది.

"పదిహేడు" అంది మారెమ్మ. కాసేపాగి, ఏదీ చావకపోవడం చూసి, మెట్లదాకా వినబడేట్టు, "పదిహేడు!" అంది.

ముత్యాలప్ప తువాలుతో కళ్లు ఒత్తుకుని, శశికళవైపు గర్వంగా తిరిగాడు.

"వినబడదంటివే పాపా!"