సీసం తొడుగు

నాకు అనుమానం ఉగ్గుపాలతోనే అబ్బిందనేది మా ఆవిడ. పులుసు నోట్లో పెట్టుకుంటూ కూడా "ఇందులో ఏం కలిపావు?" అని అడిగే రకాన్ని.

పందొమ్మిదివందల యాభైల్లో చోడవరం దగ్గర ఏటి అడుగున కరెంటు కేబులు వేసే పనికి నేను సూపర్‌వైజర్ని. వరదలకు స్తంభాలు నిలవడం లేదు. ఎక్కడో సముద్రం అడుగునుంచే ఒక దీవికి కరెంటు పంపుతున్నారని పేపర్లో చదివి, "మనం ఒక ఏరు దాటించలేమా?" అని మా ఇంజనీరు పట్టుబట్టాడు. కేబులంటే లోపల రాగి, దాని చుట్టూ నూనెలో నానిన కాగితం, పైన సీసం తొడుగు. కాగితానికి చెమ్మ తగిలిందా, పనంతా గోవిందా.

ఏట్లోకి దించే ముందు పరీక్షిస్తే కేబులు చెడిందని తేలింది. నా చూపు నేరుగా కేబులుకు కాపలా ఉండేవాడి మీదికి పోయింది. బుచ్చయ్యపేట వైపు మనిషి, తీరికవేళ ఏట్లో వల విసిరేవాడు. వలకు బరువు కావాలి, సీసం మంచి బరువు. పైగా కేబులు చుట్ట కింద ఇసకలో సీసం పెచ్చులు కనిపించాయి. ఇంకేం కావాలి నాకు?

"నానెందుకు కోస్తాను బాబూ? ఒట్టు," అన్నాడు.

ఒట్టు వేసేవాళ్లంటే నాకు మరీ అనుమానం. అందరి ముందూ దొంగన్నాను. పనిలోంచి తీసేశాను.

మర్నాడు అతుకులు వేసే మేస్త్రీ వచ్చాడు. కేబులు కొసనుంచి కాగితం ముక్క చించి, కాగుతున్న మైనంలో ముంచాడు. చిటపటమంది.

"నీళ్లు తాగీసిందండి," అంటూ మూరెడు కోసి మరో ముక్క ముంచాడు. చప్పుడు లేదు. "మద్దిలో ఎవులూ కొయ్యలేదు. కొస మూత ఎవులో ఇప్పీసి, సరిగ్గా మూయలేదు."

విప్పింది నేనే. అంతకు వారం ముందు రోలుగుంట నుంచి మా బావమరిది వస్తే, గొప్ప కోసం కొసనున్న సీసం మూత కోసి లోపలి కాగితం చూపించాను. పైన గుడ్డ చుట్టి మరిచిపోయాను. మర్నాడే వాన కురిసింది. ఇసకలో పెచ్చులు నా చాకు రాల్చినవే.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంజనీరుకు నిజం చెప్పేసి, సాయంత్రం సైకిలెక్కి కాపలావాడి ఇంటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చుని, "తప్పు నాది. రేపట్నుంచి పనిలోకి రా," అన్నాను.

అతను వల కుట్టడం ఆపాడు. నా చేతికేసి చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూసుకున్నాను. క్షమించమని అడుగుతూనే నా వేళ్లు వల అంచున బరువుకు కట్టిన గుళ్లను ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాయి.

"కాల్చిన మట్టి గుళ్లు బాబూ," అన్నాడు, వలంతా నా ఒళ్లోకి తోసి. "అన్నీ సూసుకోండి. సూసేకే యెల్లండి."