ఒక్కపొద్దు చేప

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చేప నెల రోజుల పాటు చుట్టంగా ఉండి వెళ్లింది. మాది కొత్తగూడ. ఇప్పుడు ఫ్లైఓవర్ కింద బండ్లు ఆగి హారన్లు కొట్టుకునే చోట అప్పట్లో మా జొన్నచేను ఉండేదంటే నా మనవరాళ్లు మర్యాదకు తలూపుతారు గానీ నమ్మరు. చేప సంగతి మాత్రం నమ్ముతారు, ఎందుకంటే అలాంటిదే ఇప్పుడు వాళ్ల బల్ల మీద ఉంది. దానికి ఏ మేత మంచిదో తేలక మొన్న ఇద్దరూ ఫోన్లు పట్టుకుని గంటసేపు వాదులాడుకున్నారు. వింటుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు.

దేశానికంతా స్వాతంత్య్రం వచ్చి, మా నిజాం ఇలాకాకు మాత్రం ఇంకా రాని గడబిడ రోజులవి. నాకు ఎనిమిదేళ్లుంటాయి. అమ్మా నేనూ రోజూ పొద్దున్నే హఫీజ్‌పేట స్టేషన్ దాకా నడిచి, అక్కడ క్వార్టర్‌లో ఉండే ఒకావిడకు పాలు పోసి వచ్చేవాళ్లం. ఆమెది కోస్తా వైపు. ఆమె భర్త రైల్వేలో పనిచేసేవాడు. మేము ఆమెను స్టేషనమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె కిటికీలో ఒక గాజు సీసా, అందులో నా బొటనవేలంత చేప. నీడలో నల్లగా, ఎండ పడితే నీలంగా, ఒళ్లు విరుచుకుంటే ఎర్రగా ఉండేది. రెక్కలు చూస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని కుచ్చిళ్లు పెట్టినట్టుండేవి. మా చెరువు చేపలన్నీ నాకు బురద రంగులోనే తెలుసు. ఆ రంగుల ముందు నిలబడి నేను ఇంటికి వెళ్లాలన్న సంగతి మరిచిపోయేదాన్ని, అమ్మ రెక్క పట్టి లాక్కెళ్లేది.

ఆ చేపను స్టేషనమ్మకు ఆమె తమ్ముడు ఇచ్చాడు. మద్రాసులో ఓడ ఎక్కి దేశాలు తిరిగే పిల్లవాడట. దీన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టి మళ్లీ ఓడ ఎక్కాడు, ఆ తర్వాత ఉత్తరం లేదు. చేప బాగుంటే తమ్ముడూ ఎక్కడో బాగున్నట్టేనని ఆమె నమ్మకం. ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పేది గానీ, అమ్మ పాలు పోస్తుంటే చెంబు పట్టుకునే మాటిమాటికీ సీసా వైపు తిరిగి చూసేది.

గడబిడ ఎక్కువైనప్పుడు ఆమెను కొన్నాళ్లు పుట్టింటికి పంపాలని భర్త నిశ్చయించాడు. బయలుదేరే రోజు సీసా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "రైలు కుదుపులకి ఇది బతకదమ్మాయ్. నువ్వైతే కళ్లప్పగించి చూస్తావు కదా, నీ దగ్గరుంచుకో. పెట్టాల్సిందేమీ లేదు. ఇదేమీ తినదు. రోజూ నీళ్లు మార్చు, అంతే."

అమ్మ నమ్మలేదు. "ఏం తినదా?" అని మళ్లీ అడిగింది.

"ఏడాదయింది నా దగ్గరకొచ్చి. ఒక్క మెతుకు ముట్టలేదు. మా తమ్ముడూ అదే చెప్పాడు, దీనికేం అక్కర్లేదక్కా అని."

నీళ్లు తాగి బతికే చేప అనేసరికి మా వాడకట్టంతా కదిలొచ్చింది. నెలకు నాలుగు ఒక్కపొద్దులు ఉండి, ఆ నాలుగు రోజులూ ఇంటిల్లిపాది మీదా విసుక్కునే అమ్మకు ఏడాది పొడుగునా ఉపవాసం ఉన్న ఈ జీవి మీద ఎక్కడలేని భక్తి కలిగింది. సీసాకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. ఒక్కపొద్దు చేప అని పేరు పడింది. వచ్చినవాళ్లు చేతులు జోడించేవాళ్లు. పసిపిల్లల తలలు సీసాకు తాకించేవాళ్లు. నాకూ ఎంతో భయభక్తులుండేవి, దాని ముందు గట్టిగా తుమ్మేదాన్ని కాదు.

ఇక నీళ్ల సంగతి. మా మేనమామ కాలికి నారికురుపు లేచి, చర్మంలోంచి దారంలాంటి పురుగు బయటికి రావడం అమ్మ కళ్లారా చూసింది. అది తాగే నీళ్లతో వచ్చే రోగమట. అప్పటి నుంచి మా ఇంట్లో వడబోయని చుక్క ఎవరి గొంతూ దిగలేదు. బావి నీళ్లు తెచ్చి వాకిట్లో గోలెంలో పోసేవాళ్లం. అందులోంచి ముంచి, పాత ధోవతి నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి వడబోసేవాళ్లం. పనయ్యాక ఆ గుడ్డను వాకిట్లో దులిపితే కోళ్లు పరుగెత్తుకొచ్చేవి. చేప కోసమైతే అమ్మ ఎనిమిది మడతలు వేసింది. అంత గొప్ప చుట్టానికి తక్కువ చేస్తామా?

నాలుగో రోజుకు చేప రంగు తగ్గింది. ఆరో రోజుకు అడుగున పడుకుంది. రెక్కలు మూసుకుపోయి తడి బట్టలా వేలాడాయి. ఎవరికీ చెప్పకుండా అన్నం మెతుకు వేశాను. జొన్నరొట్టె తుంపి వేశాను, పేలాలు వేశాను. అది కన్నెత్తి చూడలేదు. మెతుకులు ఉబ్బి నీళ్లు మురిగాయి, అమ్మ చూసి ఒక్కపొద్దు చెడగొట్టానని నెత్తి మీద మొట్టింది. నా ఏడుపు చేప కోసం కాదు. ఎక్కడో సముద్రం మీద నేనెన్నడూ చూడని ఒక మనిషి నా చేతుల్లో పోతున్నాడని ఏడ్చాను.

తొమ్మిదో రోజు తాత పశువుల అంగడి నుంచి తిరిగొచ్చాడు. ఎడ్ల బేరాలు చేసేవాడు ఆయన. ఎద్దు కొమ్ములూ, మూపురం అందరూ చూస్తారు, తాత మాత్రం ముందు నోరు తెరిచి చూసేవాడు. నోరు చూసి వయసు చెప్పేవాడు, మేత చెప్పేవాడు, యజమాని ఎంత పిసినారో కూడా చెప్పేవాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుని, బొట్టు పెట్టిన సీసానూ ఏడ్చి ఉబ్బిన నా మొహాన్నీ చూసి సంగతేమిటని అడిగాడు. అంతా చెప్పాను.

"దాని నోరు చూసినవా బిడ్డా?"

"అది ఏం తినదట తాతా."

"తిననిదానికి నోరెందుకుంటదే?"

మా వాడకట్టులో ఇంతమంది చేతులు జోడించారు గానీ ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. తాత సీసాను ఎండ తగిలేలా తన కళ్ల దగ్గరికి ఎత్తుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను ఒళ్లోకి లాక్కుని చూపించాడు. "మన చెరువుల బురద తినే చేపకు నోరు కిందికుంటది. గిది సూడు, మొగులు దిక్కు, పైకి తెరుసుకున్నది. నీళ్ల మీదికెల్లి తినేది ఇది. నువ్వేసిన మెతుకు కిందికి పాయె. తేలిన పేలాలేమో కదలకపాయె. దీనికి పానమున్న మేత గావాలె."

లేచి గోలెంలోంచి ఒక కంచు గిన్నె నిండా నీళ్లు ముంచాడు, వడబోయకుండా. నా ముందు పెట్టి ఊరికే చూడమన్నాడు. మొదట నీళ్లే కనిపించాయి. కాసేపటికి ఆ నీళ్లు కదిలాయి. వెంట్రుక ముక్కలంత దోమపిల్లలు, తల కిందికి వేలాడేసి, ఒళ్లు మెలికలు తిప్పుతూ పైకీ కిందికీ ఈదుతున్నాయి. నేను పుట్టినప్పటి నుంచి ఆ గోలెం పక్కనే ఆడుకున్నాను. అందులో ఇంత లోకం ఉందని నాకు తెలియదు.

ఒకదాన్ని ఆకుతో ఎత్తి సీసాలో వదిలాడు. చేప కదల్లేదు. పైన ఆ వెంట్రుక ముక్క మెలిక తిరిగింది. చేప కన్ను తిరిగింది. చచ్చినట్టున్న ఆ ఒళ్లు నిట్టనిలువుగా లేచింది, రెక్కలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి, చప్పుడన్నదే లేకుండా పురుగు మాయమైంది. ఆ క్షణంలో దాని ఒంటి మీదికి వచ్చిన ఎరుపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అమ్మ అప్రయత్నంగా కొంగు నెత్తిన కప్పుకుంది.

తాత ఐదింటితో ఆపేశాడు. దాని పొట్ట దాని కన్నంతే ఉంటుందని, ఎక్కువైతే అదీ చావేనని చెప్పాడు. తర్వాత గోడకు ఆరేసిన వడగుడ్డ వైపు చూసి అమ్మతో నెమ్మదిగా అన్నాడు. "ఎనిమిది మడతలేసి మరీ దాని బువ్వ కోళ్లకేసినవు గదా తల్లీ."

అమ్మ వెళ్లి ఆ గుడ్డను గోడ మీంచి తీసింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. మా ప్రాణం కాపాడిన గుడ్డే అది. మరుసటి రోజు నుంచి వడబోతలో గుడ్డ మీద మిగిలింది నేను ఏరి చేపకు వేసేదాన్ని, కోళ్లు వచ్చి వచ్చి ఊరికే వెళ్లిపోయేవి.

స్టేషనమ్మ తిరిగొచ్చినప్పుడు చేప సీసా అంతా తనదేనన్నట్టు తిరుగుతోంది. ఏం చేశావమ్మాయ్ అంటే నేను గొప్పగా చెప్పాను. ఆమె మెట్టు మీద కూలబడింది. ఏడాదంతా తను పోసింది స్టేషన్ ఆవరణలో మూతలేని తొట్టి నీళ్లని అప్పుడు గుర్తు చేసుకుంది. తను మార్చిన నీళ్లలోనే తనకు తెలియకుండా దాని అన్నం ఉంది. ముందు నవ్వింది, ఆ తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడూ ఇంతేనమ్మా. నాకేం వద్దక్కా, నాకేం వద్దక్కా అంటూనే వెళ్లిపోయాడు. నేను వాడి మొహం కేసి సరిగ్గా చూడనైనా లేదు."

ఆ తమ్ముడి ఉత్తరం వచ్చిందో లేదో నాకు తెలియదు. కొన్నాళ్లకు వాళ్లు బదిలీ మీద వెళ్లిపోయారు, ఈసారి స్టేషనమ్మ చేపను ఒళ్లో పెట్టుకునే రైలెక్కింది.

మొన్న మనవరాళ్ల వాదన ఆపి, చేప నోరు చూడమన్నాను. ఇద్దరూ గాజుకు ముక్కులు ఆనించి చాలాసేపు చూశారు, ఆ తర్వాత నీళ్ల మీద తేలే మేత తెచ్చుకున్నారు. నేను నేర్చుకున్నది మాత్రం చేపల దగ్గర ఆగిపోలేదు. తనకేమీ వద్దనే మనిషిని ఆ రోజు నుంచి నేను నమ్మలేదు. మా ఆయన ఆఖరి రోజుల్లో దవాఖానలో గోడ వైపు తిరిగి పడుకుని, ఏదీ వద్దు, తీసుకుపొమ్మనేవాడు. పిల్లలు అలాగేనని గిన్నెలు సర్దేసేవారు. ఒక మధ్యాహ్నం పక్క మంచం వాళ్లు పచ్చిపులుసు మూత తీశారు. నేను ఆయన మాట వినలేదు, నోరు చూశాను. పెదవి చివర కొంచెం కదిలింది. సాయంత్రానికి ఇంటికి వెళ్లి, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి చేసి తెచ్చాను. ఒక చెంచా తాగాడు. ఇంకో చెంచా తాగాడు. చాలని అనలేదు.