పద్మ కంప్యూటర్ కాలిపోలేదు

గద్వాలలో ఎవరినడిగినా ఒకటే కథ చెబుతారు. పద్మ అనే అమ్మాయి ఏవో వీడియోలు చూసి కంప్యూటర్‌కు స్పీడు పెంచబోయిందట, అది కాస్తా కాలిపోయిందట, చేతికొచ్చిన ఆర్డర్ పోగొట్టుకుందట. వనపర్తిలో నా రిపేరు షాపుకు వచ్చేవాళ్ళు సైతం ఈ కథ నాకే చెప్పి, చివర్లో "ఆడోళ్ళకెందుకు మేడం గివన్నీ" అంటారు, ఎదురుగా స్క్రూడ్రైవర్ పట్టుకొని కూర్చున్నది ఎవరో చూడకుండా. ఆ కంప్యూటర్‌ను విప్పింది నేను. పద్మ దాని స్పీడు పెంచలేదు. అది కాలిపోనూ లేదు. ఆర్డర్ పోయిన మాట ఒక్కటే నిజం. పేర్లు మార్చి, మిగతాదంతా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2023 వానాకాలం. పద్మ గద్వాల బస్సు దిగి, నేత ఇళ్ళవాళ్ళు చీరలు మోసినట్టే క్యాబినెట్‌ను దుప్పట్లో మూటగట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టి ముడి విప్పుతూనే మొదలుపెట్టింది.

"అక్కా, ఇది లేస్తలేదు. మా తాన చూపిస్తే బోర్డు మొత్తం మార్చాలె అంటున్నరు. గంత పెట్టేదుంటే కొత్తదే కొనుక్కోరాదా అని నవ్విండ్రు."

"ఏం జరిగింది?"

"నేనే ఏదో నొక్కిన."

"ఏం నొక్కినవ్?"

"తెల్వదక్కా."

డిగ్రీ చదివి, డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న మనిషి ఏం నొక్కిందో తెలియదంటే నేను నమ్మలేదు. అయినా అప్పటికి ఊరుకున్నాను.

ఆమె పని ఏమిటో ముందు చెప్పాలి. చీర కొంగు మీద కనిపించే హంస నేరుగా మగ్గం మీదికి రాదు. దాన్ని ముందు గ్రాఫ్ మీద గడి తర్వాత గడిగా గీయాలి. ఆ గ్రాఫ్ చూసి అట్టలకు చిల్లులు కొడతారు. మగ్గం పైన ఉండే జకార్డు ఆ చిల్లులను బట్టి దారాలను లేపుతుంది. పద్మ అన్నాళ్ళూ ఇంకొకరు గీసిన గ్రాఫ్‌లలో తప్పులు దిద్దుతూ వచ్చింది. ఆ ఏడాది ఒక మాస్టర్ వీవర్, అంటే నూలూ డిజైనూ ఇచ్చి చాలా మగ్గాల మీద నేయించే వ్యాపారి, కార్తీకం పెళ్ళిళ్ళ చీరలకు కొంగు డిజైన్ మొత్తం ఆమెకే అప్పగించాడు. అది కుదిరితే ఇక ఆమె డిజైనర్. కుదరకపోతే మళ్ళీ అత్త పక్కన కూర్చొని రాట్నం మీద నూలు కండెలు చుట్టడమే. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ నత్తనడక పట్టింది. ఒక గడి రంగు మారిస్తే స్క్రీన్ మీద కనపడేసరికి చాయ తాగి రావచ్చు.

అది పేరున్న కంపెనీ డెస్క్‌టాప్, ఏదో ఆఫీసులో వాడి అమ్మేసినది. లోపలున్న ప్రాసెసర్ మాత్రం ఓవర్‌క్లాకింగ్‌కు పనికొచ్చే రకం. ఫ్యాక్టరీలో పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ను పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. కాకపోతే అందుకు మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి. ఇలాంటి కంపెనీ డెస్క్‌టాప్‌లలో బోర్డు లాక్ అయి వస్తుంది. వేగం మార్చే సెట్టింగులు బయోస్‌లో కనపడనే కనపడవు. బయోస్ అంటే స్విచ్ వేయగానే అన్నిటికంటే ముందు మేలుకొని మిగతావాటిని లేపే చిన్న ప్రోగ్రాం. డబ్బిచ్చి కొన్న వస్తువులో ఒక గదికి కంపెనీవాడు తాళం వేసుకుని పోవడమేమిటని నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ డబ్బాలో ఫ్యానూ పవర్ సప్లయీ ఉన్న వేగానికి సరిపడా మాత్రమే పెడతారు. వేగం పెంచితే అవి తట్టుకోవు. తాళం వెనక ఆ లెక్క కూడా ఉంది. నా కోపం దాన్ని కాదనదు.

మూత తీశాను. రెండు విషయాలు కంటపడ్డాయి.

మొదటిది జంపర్. బోర్డు మీద రెండు పిన్నులను కలిపే గోరంత ప్లాస్టిక్ తొడుగు అది. కంపెనీ మెకానిక్‌లు బయోస్‌ను తిరగరాయడానికి మాత్రమే వాడే పిన్నుల మీద ఎవరో దాన్ని పెట్టి, తీయడం మరిచారు. బయోస్ ఉండే చిప్‌ను, అలాంటి చిప్‌లను చదివి తిరగరాసే నా ప్రోగ్రామర్ పరికరానికి తగిలించి చూశాను. లోపల ఇంకేదో మోడల్ బయోస్ ఉంది, అదీ ఎవరో మార్చి ఇంటర్నెట్‌లో పెట్టింది. తాళం తెరవబోయి తలుపే పీకేశారు.

"పద్మా, ఇది కీబోర్డు నొక్కితే అయ్యే పని కాదు. స్క్రూలు విప్పి, చెయ్యి లోపల పెట్టి చేసిన పని. ఎవరు చేసిండ్రు?"

ఆమె దుప్పటి అంచు మడత పెట్టింది.

"మా మరిది. నరేష్. ఫ్రెండ్సందరి కంప్యూటర్లు ఆయననే బిగిస్తడు. 'వదినా, దీని ప్రాసెసర్ జబర్దస్త్ ఉన్నది, కంపెనోడే కట్టేసిండు, నేను ఇప్పుతా' అన్నడు. నేను వద్దంటనే ఉన్న."

"మరి నేనే నొక్కిన అని ఎందుకంటున్నవ్?"

"ఇంట్ల లొల్లి అయితదక్కా. ఆయన తన పేరు చెప్పలే. మా అత్త నా దిక్కు చూసింది. నేనే అని ఊకున్న."

రెండో విషయం చూసి నేను ఇంకా మండిపోయాను. ప్రాసెసర్ మీద ఉండే హీట్‌సింక్, అంటే వేడిని లాగి గాలికి వదిలే లోహపు రేకుల దిమ్మె, అసలు కనపడలేదు. నూలు పీచూ గంజి దుమ్మూ కలిసి దాని మీద చాపలాగా పేరుకుపోయాయి. పట్టకారుతో లాగితే ఊడొచ్చింది, పరిచి కూర్చోవచ్చు అన్నట్టుంది.

"కంప్యూటర్ ఏడ పెట్టినవ్?"

"రాట్నం పక్కన. ఆడనే ప్లగ్గు ఉన్నది."

"మీద ఏమన్న కప్పుతవా?"

ఆమె ముఖం కాస్త వెలిగింది. "కప్పుతనక్కా. నేత ఆపినప్పుడు మగ్గం మీద గుడ్డ కప్పుతం గదా, దుమ్ము పడకుండ. దీనికి గూడ పాత చీరతోని గలేబు కుట్టిన. ఎప్పుడూ తియ్య, నడుస్తున్నా గానీ."

అదే ఆమె చేసిన తప్పు. నేతింట్లో పుట్టి, నేతింటికి కోడలై వచ్చిన మనిషి మాత్రమే ఇంత శ్రద్ధగా చేయగల తప్పు. మగ్గానికి గాలి అక్కర్లేదు, ప్రాసెసర్‌కు కావాలి. వేడి భరించలేనప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అంటే ఆ కంప్యూటర్‌కు వేగం చాలక కాదు, ఊపిరాడక నెమ్మదించింది. బ్రష్షూ బ్లోయరూ పట్టుకుంటే ముగిసే పనికి ఆ మహానుభావుడు బయోస్ మార్చాడు. ఇక బోర్డు మార్చాలన్న గద్వాల మెకానిక్‌లు మూత తీసి ఆ చాపను చూసి కూడా ఒక్క ప్రశ్న వేయలేదు. చూడకుండానే చెప్పారంటే మరీ అన్యాయం.

కంపెనీ సైటులో దొరికిన అసలు బయోస్‌ను చిప్‌లోకి తిరిగి ఎక్కించాను. జంపర్‌ను దాని చోట పెట్టాను. హీట్‌సింక్ కడిగి, ప్రాసెసర్ వేడిని దానికి అందించే పేస్టు కొత్తగా రాసి స్విచ్ వేస్తే కంప్యూటర్ లేచింది. డిజైన్ ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పద్మ హంసను తెరిచి రంగు మార్చింది. వెంటనే మారింది. మళ్ళీ మార్చింది, మళ్ళీ మార్చింది. నవ్వుతూనే ఉంది.

వాళ్ళ మామకు ఫోన్ చేసి చెప్పి, ఆదివారం నేనే వెంట వెళ్ళి కంప్యూటర్‌ను రాట్నానికి దూరంగా, లోపలి గదిలో పెట్టించాను. వైరు సర్దుతుండగా మాస్టర్ వీవర్ వచ్చాడు. తియ్యటి మనిషి, గొంతు పెంచడు.

"అమ్మా పద్మా, ఏమనుకోకు. డిజైన్ వేరేటోళ్ళకు ఇచ్చిన. నీ కంప్యూటర్ కాలిపాయె అన్నరు గదా."

"కాలలేదు సేటూ," అన్నాను నేను. "ఇగో నడుస్తున్నది, చూడుండ్రి. సగం కొంగు అయిపోయింది."

"నడుస్తే సంతోషమే మేడం. మల్ల చెయ్యి పెట్టదని ఏంది నమ్మకం? పెండ్లి చీరలు, ఆగుతయా?"

"ఆమె చెయ్యే పెట్టలే..."

పద్మ నా ముంజేయి పట్టుకుంది. గట్టిగా, గాజులు నొక్కుకునేంత గట్టిగా. నరేష్ గడప దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తలేదు. వాళ్ళ అత్త రాట్నం ఆపింది, మళ్ళీ తిప్పింది. నా నోటికి జడిసి వనపర్తిలో హోల్‌సేల్ వాళ్ళే బిల్లు సరిచూసుకుంటారు. అలాంటి నేను ఆ పిల్ల పట్టుకున్న చెయ్యి విడిపించుకోలేక నోరు మూసుకున్నాను. ఆ ఇంట్లో బతకాల్సింది ఆమె, నేను కాదు.

ఆ తర్వాత నా షాపులో పద్ధతి మారింది. కంప్యూటర్ నెమ్మదైందని ఎవరొచ్చినా స్క్రూ విప్పకముందే అది ఎక్కడుంటుంది, పక్కన ఏముంటుంది, మీద ఏం కప్పుతారు అని అడుగుతాను. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పల్లీల వ్యాపారి ఒకాయన "మీరు కంప్యూటర్ డాక్టరా, వాస్తు పండితులా?" అని ఎకసెక్కమాడాడు. మూత తీసి పల్లీ పొట్టు ఆయన అరచేతిలో పోస్తే, కంప్యూటర్ ఎక్కడుంటుందో తనే చెప్పాడు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. "నేనే ఏదో నొక్కిన" అని ఆడమనిషి అంటే, ఆ మాటను యంత్రాన్ని చూసిన తర్వాతే నమ్ముతాను.

పద్మ ఇప్పుడు పొద్దున కండెలు చుడుతుంది, తీరికైతే ఎవరివో గ్రాఫ్‌లలో తప్పులు దిద్దుతుంది. కంప్యూటర్ బ్రహ్మాండంగా నడుస్తోంది. నరేష్ ఎక్స్‌పర్ట్ అయ్యాడు, కంప్యూటర్ రిపేరు అని ఇంటి ముందు బోర్డు కూడా పెట్టాడు. పేస్టు కోసమో ఫ్యాను కోసమో అప్పుడప్పుడు నా షాపుకే వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట అడుగుతాను. మొన్న వచ్చినప్పుడు విసుక్కున్నాడు.

"మా వదిననే ఏమంటలేదు. నీకెందుకక్కా?"

నిజమే, ఆమె ఏమీ అనడం లేదు. అందుకే నేను అడుగుతున్నాను. ఇది చదువుతుంటే పేరు మార్చినా నిన్ను నువ్వు గుర్తుపడతావు నరేష్. సేటు ఇల్లు మీ వీధి చివరే. ఆ జంపర్ పెట్టింది నేనే అని పోయి ఎప్పుడు చెప్తవ్?