చీర కట్టుకున్న మామ

కెమెరా ఫోన్లు ధర్మవరానికి కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆయన ఒకటి కొన్నాడు. అప్పటికి మాది చిన్న అంగడి. ముందు గదిలో పట్టుచీరలు అమ్మేవాళ్ళం. వెనక గదిలో మా అత్తామామలు మగ్గం నేసేవాళ్ళు. పెద్ద అంగళ్ళవాళ్ళలాగా కేబుల్ టీవీలో ప్రకటన వేయించుకునే స్తోమత మాకు లేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే ఆయన మా ఆయనకు స్నేహితుడు. అతనే ఈ ఆలోచన చెప్పాడు.

"నవ్వొచ్చేట్టు ఒక వీడియో తీసియ్యప్పా. ఇంటర్నెట్‌లో నేను పెడతా. నచ్చిందంటే జనాలే ఊరూరూ తిప్పుతారు."

నవ్వించే మనిషి కోసం మేము వెతుక్కోవలసిన పని లేదు. మా మామ ఉన్నాడు. పెళ్ళైన కొత్తలో పెనుకొండ నుంచి వచ్చి ఈ ఇంట్లో బిక్కుబిక్కుమంటూ ఉన్న నన్ను మొదట నవ్వించింది ఆయనే. ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా దించేసేవాడు. బేరమాడి బేరమాడి చివరికి ఏమీ కొనకుండా పోయేవాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, అచ్చం వాళ్ళలాగే మాట్లాడి చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం అత్త మార్కెట్‌కు పోయినప్పుడు వీడియో తీశాం. అత్త ఉంటే తియ్యనియ్యదు. నేనే మామకు ఎర్ర పట్టుచీర కట్టాను. పంచె మీదే కుచ్చిళ్ళు దోపి, కొంగు భుజం మీద వేసి పిన్ను పెట్టాను. సగం తెల్లబడ్డ గుబురు మీసంతో ఆయన అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. నేను మా ఆయన పక్కన నిలబడి, నవ్వు బయటికి రాకుండా నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

"అమ్మా, చీర నచ్చిందా?" అని ఫోన్ పట్టుకుని మా ఆయన అడిగాడు.

"చీర బాగుండాది నాయనా," అన్నాడు మామ, గొంతు సన్నగా చేసి. "ఈ మీసానికే మ్యాచింగ్ కాలేదు. తెలుపూ నలుపూ కలిసిన అంచు ఉంటే చూపీ అబ్బా."

అంతే వీడియో. చివర మా అంగడి ఉన్న వీధి పేరు మా ఆయన గట్టిగా చెప్పాడు.

నెట్‌లో చూసినవాళ్ళకంటే ఫోన్లలో ఎక్కించుకున్నవాళ్ళే ఎక్కువ. బ్లూటూత్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయింది. హిందూపురం మొబైల్ అంగళ్ళలో మెమరీ కార్డులో పాటలతో పాటు దీన్నీ వేసిచ్చేవారట. పెనుకొండలో మా అమ్మ ఫోన్ చేసి, "మీ మామ ఈడ బస్టాండంతా ఉండాడే!" అంది. జనం అంగడికొచ్చి మీసం చీర కావాలనేవాళ్ళు. చివరికి మామ నిజంగానే తెలుపు, నలుపు అంచుతో ఎర్రచీర నేశాడు. అలాంటివి నేసినవి నేసినట్టే అమ్ముడుపోయాయి. అత్త మాత్రం ఆ వీడియో చూడనే లేదు. "మొగోడు చీర కట్టుకునేదేంది, థూ!" అనేది. అంటూనే మొహం తిప్పుకుని నవ్వుకునేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మామ పోయాడు. అన్నం తిని మగ్గం మీద కూర్చున్నాడు. కాసేపటికి దారంతో అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడు ఆగింది. దారం తెగిందేమో, ముడేసుకుంటున్నాడేమో అనుకున్నాను. చాలాసేపటికి కూడా చప్పుడు రాకపోతే పోయి చూశాను. నేసిన చీర మీద తల వాల్చి ఉన్నాడు.

దినాలయ్యాక నేను పుట్టింటికి ప్యాసింజర్ రైలెక్కాను. బండి ధర్మవరం దాటిందో లేదో, నా వెనక సీట్లో నుంచి, "చీర బాగుండాది నాయనా," అని మామ గొంతు వినబడింది. లేచి నిలబడ్డాను. కాలేజీ పిల్లలు ఫోన్ చుట్టూ మూగి పడీపడీ నవ్వుతున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి, "నువ్వూ చూస్తావా అక్కా?" అని ఫోన్ చాచింది. తల అడ్డంగా ఊపి కూర్చున్నాను. వాళ్ళు మళ్ళీ పెట్టారు. పెనుకొండ వచ్చేదాకా మామ వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చి మా ఆయనకు చెప్పాను. తీసేయించాలని అతనూ అనుకుంటున్నాడు. పోయి అడిగితే నెట్ సెంటర్ ఆయన తలపట్టుకున్నాడు. "నేను పెట్టింది తీసేస్తా. జనాల ఫోన్లలో ఉండేదాన్ని ఎట్ల తీసేది?"

ఇంట్లో మేము ఈ సంగతి మాట్లాడుకుంటుంటే అత్త చెవిన పడింది. "తీసేసేముందు నాకొకసారి చూపిండి," అంది.

నేనే చూపించాను. మీసం మాట దగ్గర ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వీధి పేరు చెప్పడం అయిపోయింది. నేను ఆపబోతే, "ఉండు," అని నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన ఫోన్ దించేలోపు ఇంకో ముక్క ఉంది. నవ్వుల్లో పడి మేమెవ్వరం దాన్ని పట్టించుకోలేదు. అందులో మామ నవ్వడం ఆపి వెనక గది వాకిలి వైపు తిరిగాడు. సన్నగొంతుతో కాదు, తన సొంత గొంతుతో, "ఆ... వస్తాండా," అన్నాడు.

"ఎవరు పిలిచినారు?" అంది అత్త.

ఆ రోజు వెనక గదిలో ఎవరూ లేరు. అత్త మార్కెట్‌లో ఉంది. మేమిద్దరం మామ ఎదురుగా ఉన్నాం. పక్కింటామె పిలిచిందేమోనని అత్త పోయి అడిగింది. "నేను ఆ పొద్దు ఊర్లోనే లేనక్కా," అందామె. మా ఆయన నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ ముక్క మళ్ళీ మళ్ళీ విన్నాడు. మామ మాటకు ముందు పిలుపేమీ లేదు. వీధిలో ఆటో పోయిన చప్పుడు తప్ప.

"ఊరికే అన్నాడులేమ్మా. నాయన సంగతి నీకు తెలీదా, అదీ తమాషాకే," అన్నాడు వచ్చి.

"తమాషా గొంతు నాకు తెలీదా?" అంది అత్త.

ఆ తర్వాత ఆమె ఆ ముక్కను రోజూ చూసేది. నాకు మాత్రం అది వినబడితే భయమేసేది. ఆ వాకిలికి వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని. తమలపాకులు నములుకుంటూ ఒకసారి అత్తే నన్ను పిలిచి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "ఆయప్ప మొగం చూడు. బయమేమన్నా ఉండాదా? అన్నానికి పిలిస్తే వచ్చేటప్పుడు ఇట్లే ఉంటాడు." చూశాను. నిజమే, భయం లేదు. ఆమెకు అది ఊరటయింది. నాకు కాలేదు.

తీసేయొద్దని అత్తే చెప్పింది. "ఉండనీ. నలుగురు నవ్వుకుంటాండారు."

ఒక ఏడాది దాటాక కూతురి పెళ్ళికని హిందూపురం నుంచి ఒకామె వచ్చింది. చీరలు ఎంచుకుని, దుడ్లు సంచిలోంచి తీస్తూ అంగడంతా కలియజూసింది. "ఆ మీసాలాయన యాడమ్మా? ఆయన్ని చూసే ఇంతదూరం వస్తిమి," అంది.

నేను నోరు తెరిచేలోపే అత్త, "బయటికి పోయినాడు," అంది.

అత్త మొహం వంక చూడలేక చీర మడత పెడుతూ ఉండిపోయాను. వచ్చినామె చీరలన్నీ తీసుకుని, వాకిట్లో చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"మా పాప నవ్వీ నవ్వీ కండ్లనీళ్ళు పెట్టుకుందని ఆయనకు చెప్పమ్మా."

"చెప్తాలే," అంది అత్త.